మోటారు పని నేర్చుట తక్కువయా?

మా గురువృత్తిలో చిరకాలముగా చెల్లుచున్న మాట యొకటి కలదు. లెక్క తప్పినవానిని, పద్యము మఱచినవానిని లేవదీసి, "ఇట్లే యుండుము, రేపు నాంపల్లి గ్యారేజీలో పానాలు తుడుచుకొందువు" అందుము. తరగతి యంతయు నవ్వును. వాడు తల వంచుకొని కూర్చుండును. పాఠము సాగిపోవును. ఆ మాట మేమును పలుమారు పలికితిమి. అది యెవరికి తగిలినదో యెన్నడును తిరిగి చూడలేదు. ఈ సంవత్సరపు సంచికకు వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువా రడిగినప్పుడు, ముందుగా ఆ మాటకు సమాధానము చెప్పుకొనుట మా విధియని తోచినది.

అయిదేండ్ల క్రిందట పదవ తరగతి ఫలితములు వెలువడిన వారమున ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చెను. ఆయన నాంపల్లి స్టేషను దగ్గర మూటలు మోసి బ్రదుకువాడు. "సారూ, వీడు ఇంటర్ చదువనంటున్నడు. గ్యారేజీల పని నేర్చుకుంటనంటున్నడు. మీరన్న జెర చెప్పుండ్రి" అని చేతులు జోడించెను. మేము అరగంటసేపు ఆ బాలునకు చదువు మహిమను బోధించితిమి. వాడు వినయముతో వినెను. చివరకు మెల్లగా, "సార్, మీ స్కూటరు పొద్దున మూడుసార్లు తన్నితేగాని స్టార్టు కాదు. ప్లగ్గు నల్లగయ్యి ఉంటది. చూడమంటరా?" అనెను. మాకు కోపము వచ్చినది. వాని నింటర్మీడియేటులో చేర్పించుడని తండ్రికి గట్టిగా చెప్పి పంపితిమి. ఆ సాయంకాలము స్కూటరు ప్లగ్గును విప్పించి చూచితిమి. వాడు చెప్పినట్లే అది మసిబట్టి నల్లగా నున్నది.

బాలుడు కళాశాలలో ఒక సంవత్సరము గడపి మానివేసెను. పిమ్మట ఎవరితోను చెప్పక ఒక దుకాణములో పనికి కుదిరెను. కాగితము లేదు, జీతము లేదు. మధ్యాహ్నము భోజనము మాత్ర ముండెను. ఆరు నెలలు గడువకముందే వేడిగా నున్న కారు రేడియేటరు మూత తీయబోయి ముంజేయి కాల్చుకొనెను. మూత బిగించి యున్నంతసేపు లోపలి యొత్తిడివలన నీరు 100 డిగ్రీలు దాటినను మరుగదు. మూత వదలినంతనే యొత్తిడి తగ్గి, ఆ నీ రొక్కసారిగా ఆవిరియై చిమ్మును. ఇది మేము భౌతికశాస్త్రపు తరగతిలో చెప్పు విషయమే. కాని రేడియేటరని పేరెత్తి చెప్పలేదు. ఆ దుకాణమువారు మందులకైన నొక రూపాయి యియ్యలేదు. తండ్రి మరల మా యొద్దకు వచ్చెను. ఈ మారు ఆయన ఏమియు నడుగలేదు. ఊరక నిలుచుండెను. మాకును మాట రాలేదు.

చదువరులారా, ఆ బాలుని యెడల మేము చేసిన తప్పు రెండు విధములు. వాని కోరిక తక్కువదని యెంచుట మొదటిది. వాడు పోదలచిన త్రోవలో మేలైన దారి యేదో, ముండ్లదారి యేదో తెలిసికొని చెప్పకపోవుట రెండవది. ఈ రెంటిని గూర్చియు వరుసగా విన్నవించెదము.

మోటారు పని కేవలము చేతిపని యనుకొనుట పొరపాటు. అబిడ్సులోని పెద్ద తపాలా కార్యాలయమునుండి మొజంజాహి మార్కెటు మీదుగా నాంపల్లి స్టేషనువఱకు నడచి చూడుడు. 1907లో ఆ స్టేషను కట్టిననాడు ఆ త్రోవను జట్కాలు నడచినవి. నేడు ఆటోలు, మోటారు సైకిళ్లు, కార్లు, బస్సులు సందు లేక క్రిక్కిరిసి సాగుచున్నవి. వానిలో నొక్కటి నడివీధిని నిలిచిపోయినచో దాని జబ్బు కనిపెట్టవలసినవాడు మేస్త్రి. అతడు మొట్టమొదట పానా పట్టడు, చెవి యొగ్గును. ఇంజనులో పిస్టను ఒకసారి గాలిని, ఇంధనమును లోనికి పీల్చును; రెండవసారి దానిని బిగించి నొక్కును; మూడవసారి నిప్పంటుకొని క్రిందికి నెట్టబడును; నాలుగవసారి పొగను వెలికి త్రోయును. ఈ నాలుగింటిలో నెచ్చట తాళము తప్పినదో చప్పుడును బట్టి యూహించును. ప్లగ్గు విప్పి చూచును. దాని కొన కాఫీపొడి రంగున నున్నచో కుశలము. మసిబట్టినచో ఇంధనము హెచ్చినదో, నిప్పురవ్వ బలము చాలదో విచారించును. సున్నమువలె తెల్లబడినచో ఇంజను మితిమీరి వేడెక్కుచున్నదని శంకించును. ఒక్కొక్క కారణమును పరీక్షించి, కానిదానిని తొలగించి, మిగిలినదానిని పట్టుకొనును. వైద్యుడు నాడి చూచుట యిట్టిదే. మేము తరగతిలో హేతువిచారమని బోధించున దిదియే.

బ్రేకు తొక్కినప్పుడు కాలి బలము నాలుగు చక్రములకు నందుటలో పాస్కలు సూత్రము కలదు. 12 వోల్టుల బ్యాటరీ దీపమును వెలిగించుటలో ఓము నియమము కలదు. జాకీతో నొంటిచేత కారు నెత్తుటలో యంత్రలాభము కలదు. ఇంజను తలబోల్టులను నడుమనుండి అంచులకు అడ్డదిడ్డముగా వంతులవారీగా బిగించుటలో, బలమును సమముగా పంచవలెనన్న తెలివి కలదు. ఈ సూత్రములు పుస్తకములో నున్నప్పుడు మాన్యములై, గ్యారేజీలో నున్నప్పుడు హీనము లెట్లగును?

మన నగరమునకు మోటారు నిన్న మొన్న వచ్చినది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులోని ఆల్బర్టు అబిడ్ అనునాయన పెట్టిన దుకాణమువలననే అబిడ్సునకు ఆ పేరు వచ్చినది. ఆ నిజాము కొఱకు పురమాయించిన 1912 నాటి రోల్స్ రాయిస్ కారును చౌమహల్లా ప్యాలెసులో నేటికిని చూడవచ్చును. 1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా శాఖను స్థాపించిరి. నేటి మన రోడ్డు రవాణా సంస్థకు మూలమిదియే. ఆ కార్లను కొన్నవారి పేర్లు చరిత్రలో నున్నవి. వానిని నడచునట్లు కాపాడిన చేతుల పేర్లు మాత్రము మనకు తెలియవు. సంస్థలు నిలుచుట అట్టివారివలననే.

ఇక ఈ విద్య నేర్చు పాత పద్ధతి యెట్టిదో చూతము. నాంపల్లి, గోషామహలు ప్రాంతములలో దీనిని ఉస్తాదు-శాగిర్దుల పద్ధతి యందురు. శాగిర్దు తొలుత ఊడ్చును, చాయ తెచ్చును, విప్పిన సామానులను కిరసనాయిలులో కడుగును. కడుగుటలోనే ఏది యేమిటో కంటికి పట్టును. పిమ్మట ఉస్తాదు కారు క్రిందనుండి చేయి చాచి "పన్నెండు-పదమూడు" అన్నంతనే ఆ కొలత పానాను చేతిలో నుంచుట నేర్చును. కొంతకాలమునకు బోల్టును చూచి కొలత చెప్పగలుగును. ఎంత బిగువు చాలునో, ఎక్కడ మరియొక చుట్టు త్రిప్పినచో మర చెడునో మణికట్టునకు తెలియును. ఈ తెలివిని ఏ పుస్తకమును ఈయలేదు. గురువు ప్రక్కన నిలిచి సంవత్సరములు గడపినగాని రాదు. మంచి ఉస్తాదు తిట్టినను, పని చెడకుండ కాచును. శాగిర్దు తన కాళ్లమీద నిలిచి వేరు దుకాణము పెట్టుకొన్నపుడు తొలి బేరమును తానే పంపును. ఇట్టివారిని మేము కన్నులార చూచితిమి. వారికి మా నమస్కారము.

జపాను దేశమున సోయిచిరో హోండా 1922లో పల్లె విడిచి టోకియోలోని యొక మోటారు మరమ్మతు దుకాణములో శిష్యుడుగా చేరెను. మొదట యజమాని బిడ్డ నెత్తుకొనుటయు, నేల యూడ్చుటయు నాతని పని. ఆరేండ్లు నేర్చి, 1928లో తన ప్రాంతమున అదే దుకాణపు శాఖను తెఱచెను. నేడు అబిడ్సు వీధిలో తిరుగు మోటారు సైకిళ్లలో నెన్నింటిమీదనో ఆతని పేరున్నది. హెన్రీ ఫోర్డు 1879లో పొలము విడిచి డెట్రాయిటు యంత్రశాలలో అప్రెంటీసుగా చేరెను. రోల్స్ రాయిస్ కారునకు తన పేరిచ్చిన హెన్రీ రాయిస్ రైల్వే కర్మాగారములో అప్రెంటీసుగా చేరి, బంధువురా లిచ్చు డబ్బు చాలక నడుమనే మానవలసివచ్చెను. వారందఱును చీపురు, పానా, నూనెగుడ్డలతో మొదలుపెట్టినవారే.

అయినను పాత పద్ధతిలోని లోపములను దాచుట ధర్మము కాదు. శాగిర్దునకు జీతము ఉస్తాదు దయ. పనివేళకు మేర లేదు. ఇట్లు చేయుమందురు కాని యెందుకో చెప్పువా రరుదు. పదేండ్లు పనిచేసినను వానిచేతిలో నొక్క కాగిత ముండదు. దుకాణము మారినచో మరల చిన్నవాడే. అంతకంటె ఘోరమైనది ప్రమాదము. కేవలము జాకీ నమ్మి కారు క్రింద దూరుట, ఆధారపు దిమ్మెలు పెట్టకపోవుట, పెట్రోలు ప్రక్కన వెల్డింగు చేయుట నిత్యము చూచుచున్నాము. 2023 నవంబరు 13వ తేదీన నాంపల్లి బజారుఘాటులో నివాసగృహముల క్రింది అంతస్తున అగ్నిప్రమాదము కలిగి పలువురు ప్రాణములు గోల్పోయిరి. అచ్చట కారు బాగుచేయుచుండగా పుట్టిన నిప్పురవ్వ, నిలువచేసిన రసాయనపు పీపాలకు అంటుకొన్నదని ఆనాడు పత్రికలు వ్రాసినవి. మన పాఠశాలకు దగ్గరలో జరిగిన ఆ దుఃఖమును మఱచి పోరాదు. పనిలో జాగ్రత్త యనునది తరువాత నేర్చుకొను సొగసు కాదు. అది తొలి పాఠము.

మరియు యంత్రమే మారిపోవుచున్నది. 2020 ఏప్రిలు 1నుండి మన దేశమున బి.ఎస్. 6 నియమము అమలులోనికి వచ్చినది. అప్పటినుండి క్రొత్త మోటారు సైకిళ్లలో పెక్కింటిలో కార్బ్యురేటరు పోయి ఇంధనమును కొలిచి చిమ్ము ఇంజెక్టరు వచ్చినది. ఎంత చిమ్మవలెనో సెన్సార్లు చెప్పగా చిన్న కంప్యూటరు నిర్ణయించును. విద్యుత్తుతో నడచు కార్ల బ్యాటరీలలో వందలకొలది వోల్టు లుండును. తెలియక తాకినచో ప్రాణమే పోవును. చెవితో వినియు, చేతితో త్రిప్పియు సరిచేయు కాలము పూర్తిగా పోలేదు గాని, అది మాత్రమే చాలు కాలము పోయినది. పదవ తరగతి చదువును, ఇంగ్లీషు మాన్యుయలు చదువగల శక్తియు లేనివాడు ఇకమీదట ఉస్తాదు కాజాలడు. కాబట్టి పని నేర్చుకొనుటకై బడి మానుదుమను బాలురకు మేము చెప్పునది యిది: పని కొఱకే బడి కావలెను.

మేలైన దారి యేదన, అది దూరముగా లేదు. నాంపల్లికి దగ్గరలోనే మల్లేపల్లిలో ప్రభుత్వ ఐ.టి.ఐ. యున్నది. పదవ తరగతి ముగించినవాడు ఐ.టి.ఐ.లలో మోటారు వెహికల్ మెకానిక్ వృత్తిని రెండేండ్లు అభ్యసింపవచ్చును. 2024 జూన్‌లో రాష్ట్రమందలి 65 ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చు పనికి మల్లేపల్లి ఆవరణముననే శంకుస్థాపన జరిగినది. అచ్చటినుండి అప్రెంటీసుగా నొక పెద్ద వర్కుషాపులోనో, రోడ్డు రవాణా సంస్థ డిపోలోనో చేరవచ్చును.

1961 నాటి అప్రెంటీసుల చట్టము దీనికి రక్షణ. దానిప్రకారము యజమానికిని, అప్రెంటీసునకును ఒడంబడిక కావలెను. బాలుడు మైనరైనచో తలిదండ్రులు చేవ్రాలు చేయుదురు. నెలకు స్టైపెండు ఇయ్యవలెను. 2019 నిబంధనలలో పదవ తరగతి యుత్తీర్ణులకు కనీసము 6,000 రూపాయలు, ఐ.టి.ఐ. పట్టా గలవారికి 7,000 రూపాయలు అని నిర్ణయించిరి. పనిలో గాయపడినచో నష్టపరిహారము యజమాని బాధ్యత. పరీక్షలో నెగ్గినవారికి దేశమంతట చెల్లు పట్టా లభించును. మా బాలుని ముంజేయి కాలిననాడు ఈ కాగిత మొక్కటి యున్నచో, ఆ తండ్రి మా ముందు మూగవాడై నిలువవలసిన పని లేకపోయెడిది.

ఒక చిక్కు కలదు. 30 మంది, అంతకు మించి పనివారు గల సంస్థలకే అప్రెంటీసులను చేర్చుకొనుట విధి. నలుగురు మొదలు 29 మంది గలవారి కది యిచ్ఛాధీనము. ఉస్తాదు, ఇద్దరు కుఱ్ఱవాండ్రు గల చిన్న షెడ్డు ఆ లెక్కకు రాదు. మన వీధులలో నట్టివే యెక్కువ. అందుచేత ముందు ఐ.టి.ఐ., పిమ్మట పెద్ద వర్కుషాపు, ఆ తరువాత చిన్న షెడ్డులో ఉస్తాదుల యొద్ద చేతినేర్పు అను వరుస మంచిదని మా యభిప్రాయము. ఇంటి యిబ్బందిచే నేరుగా షెడ్డునకే పోవలసినవాడు, పనివేళలు, నెలకిచ్చు మొత్తము, వారమున కొకనాటి సెలవు ఇవి మూడును తెల్లకాగితము మీద వ్రాయించుకొనవలెను. మంచి ఉస్తాదు దానికి కోపింపడు.

ఇచ్చట తలిదండ్రుల యాక్షేపణ యొకటి వినవలసి యున్నది. అది గౌరవింపదగినది. "మా తాతలు తోలుపని చేసిరి, దొరల పొలములలో వెట్టి చేసిరి. మిషను బడి తలుపు తెఱచినందున మేము అక్షరము నేర్చి తలయెత్తితిమి. మరల మా పిల్లల చేతులు మసిబట్టుటయా?" అని వారందురు. మన సంఘములోని యెన్నో కుటుంబముల చరిత్ర యిదియే. మా యింటి చరిత్రయు నిదియే. దీనికి తేలికగా బదులు చెప్పువాడు ఆ బాధ నెఱుగనివాడు. మేము చెప్పున దిది: మన తాతలను క్రుంగదీసినది చేతిపని కాదు. కాదనుటకు స్వాతంత్ర్యము లేకపోవుట, కూలి లేకపోవుట, చేసినవానిని అంటరానివానిగా చూచుట, ఇవి వారిని క్రుంగదీసినవి. తన యిచ్ఛతో కోరి, కాగితము వ్రాయించుకొని, కూలి పుచ్చుకొని, పట్టా సంపాదించి చేయు పని వెట్టి కాజాలదు. కాగితము లేక, కూలి లేక షెడ్డులో నలుగు కుఱ్ఱవాడు మాత్రము నిజముగా తాతగారి వెట్టిలోనికే తిరిగిపోయినాడు. కాబట్టి మనము కాపాడవలసినది పిల్లల చేతులను మసినుండి కాదు, పిల్లలను వెట్టినుండి.

పదునాలుగేండ్లు నిండని బాలుని ఏ పనిలోను కూలికి పెట్టుకొనరాదని 2016లో సవరించిన చట్టము చెప్పుచున్నది. మా మాట అంతకంటె నొక మెట్టు పైన: పదవ తరగతి ముగియనిదే ఎవరిని పంపరాదు.

శిక్షణ కళాశాలలో మాకు 1937 నాటి వార్ధా విద్యాపథకమును బోధించిరి. చేతివృత్తిని నడుమ నుంచి తక్కిన చదువును దాని చుట్టు అల్లవలెనని గాంధీ మహాత్ముడు కోరగా, ఆ పథకమును రూపొందించిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదులో జన్మించిన డాక్టరు జాకీర్ హుస్సేను. పరీక్షలో దానిని గూర్చి నాలుగు పుటలు వ్రాసి మంచి మార్కులు తెచ్చుకొంటిమి. బడికి వచ్చి పిల్లలను పానాల పేరు చెప్పి బెదరించితిమి. ఇంతకంటె మా చదువునకు వేరు పరీక్ష యక్కరలేదు.

అందుచేత మా పాఠశాలకు నాలుగు విన్నపములు. గ్యారేజీ పేరు శిక్షగా పలుకుట నేటితో మానుదము. తొమ్మిదవ తరగతివారిని సంవత్సరమున కొకమారు ఐ.టి.ఐ. వర్కుషాపునకు తీసికొనిపోదము. భౌతికశాస్త్రపు గంటలో ఒకనాడు మంచి మేస్త్రిని పిలిచి, కుర్చీ వేసి, బ్రేకు పని చేయు తీరు ఆయనచేతనే చెప్పింతము. ఐ.టి.ఐ. దరఖాస్తులు, అప్రెంటీసు ఒడంబడికలు చదివి వివరించుటకు ఉపాధ్యాయు డొకడు వేసవిలో వారమునకు రెండు దినములు కార్యాలయమున కూర్చుండవలెను. ఆ పనికి మేము పేరిచ్చుచున్నాము. ఈ త్రోవ బాలురకే కాదు, కోరిన బాలికలకును తెఱచియున్నదని గూడ చెప్పుదము.

ప్రియ విద్యార్థులారా, మన ప్రభువు బోధకు బయలుదేరుటకు ముందు నజరేతులో వడ్రంగిపని చేసినవాడు. అపొస్తలుడైన పౌలు గుడారములు కుట్టి తన యన్నము తాను సంపాదించుకొనెను. ప్రతి ఆదివారము గుడిలో దీనిని విని, సోమవారము బడిలో చేతిపనివానిని చూచి నవ్వుట మనకు తగదు.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతుము. చేయి మానినది, మచ్చ మిగిలినది. ఇప్పుడు వాడు ఐ.టి.ఐ.లో రెండవ సంవత్సరము చదువుచున్నాడు. గత మాసమున మాన్యుయలులోని ఇంగ్లీషు మాటలకు అర్థము లడుగుటకై మా యింటికి వచ్చెను. ఒక గంటసేపు మేము వానికి మాటలు చెప్పితిమి. పోవునప్పుడు వాకిట నున్న మా స్కూటరువైపు చూచి యూరకున్నాడు. ఈ మారు మేమే, "జెర చూడరా" అంటిమి.